అమ్మాయి వీపుకు తగ్గించిన మూడు నెలలు

ప్రొద్దుటూరు బట్టల బజారులో నా అంతటి బేరగాడు లేడని చెప్పుకునేవాణ్ణి. మద్రాసు డాక్టరు తొమ్మిది నెలలుండాలన్న పిండికట్టును ఆరు నెలలకే విప్పించిన ఘనత కూడా నాదే. అది నా కూతురి వీపు మీది కట్టు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మా అమ్మాయికి పదమూడేళ్లు, జమ్మలమడుగులో మా అక్క కొడుక్కి పద్నాలుగు. ఇద్దరికీ వెన్నెముక పక్కకు వంకర తిరిగింది. ఎర్రగుంట్లలో రైలెక్కించి ఇద్దరినీ మద్రాసు తీసుకుపోయాను. ఇద్దరికీ కలిపి చేస్తే ఏమైనా తగ్గిస్తారా అని అడిగాను. డాక్టరు నవ్వలేదు.

తుంటి ఎముక నుంచి ముక్కలు తీసి వెన్నుకు అతికించాడు. అబ్బాయి వీపు బిరుసు, సగమే దారికొచ్చింది. అమ్మాయిది మెత్తన, బాగా నిలువయింది.

"మీ అమ్మాయిదే మేలు. కానీ అతుకు గట్టిపడాలంటే ఇద్దరికీ తొమ్మిది నెలలు కట్టు ఉండాలి."

"అంత సులువుగా వంగింది కదా సార్, అమ్మాయికి ఆరు చేసుకోండి."

"అంత సులువుగానే వెనక్కీ పోతుంది. తొమ్మిది."

ఇద్దరినీ మా ఇంట్లోనే ఉంచుకున్నాం. ఆరో నెలలో అమ్మాయి పెద్దమనిషయింది. మా అమ్మ ఆమెను మూలగదిలో చాప మీద కూర్చోబెట్టింది. పదకొండో రోజున తలారా నీళ్లు పోసి లోపలికి పిలుచుకోవాలి. కట్టు తడిస్తే నానిపోతుంది.

"చెంబెడు నీళ్లు చల్లితే చాలదామ్మా?"

"ఏందిరా, దేవునితో గూడా బేరమేనా? బిడ్డను ఎన్నాళ్లు మూలన కూసోబెడ్తావ్? ఆ కట్టు విప్పించు."

మద్రాసుకు ఉత్తరం రాయవచ్చు. జవాబు ఏమొస్తుందో తెలుసు కనుక రాయలేదు.

ప్రొద్దుటూరులో ఏ డాక్టరూ ఆ కట్టు ముట్టనన్నాడు. పులివెందుల నుంచి ఒక కాంపౌండరును పిలిపించాను.

"కోసేది వచ్చు గానీ మళ్ల కట్టేది రాదు మామా. మూన్నెల్లు ముందే కోయిస్తాండావు, ఆలోచన చేసుకో."

"కట్టేది నేను చూసుకుంటాలే. గుడ్డలమ్మేటోణ్ణి."

పక్కల వెంబడి కోసి, కట్టును రెండు చిప్పలుగా ఊడదీశాడు. అమ్మాయి వీపు గోక్కుంటూ నవ్వింది. "నాయనా, శానా హాయిగా ఉండాది."

పక్క గదిలోంచి మేనల్లుడు అరిచాడు. "దానికి తీసేస్తివే మామా! నేనేం పాపం జేసినా?"

"నువ్వు మొగపిల్లోనివి. నీకేం తొందర? ఉండు."

నీళ్లు పోశారు. ఒళ్లు తుడిచాక ఆ చిప్పలనే మళ్లీ పెట్టి, దుకాణంలోని మందపాటి కోరాగుడ్డతో నేనే బిగించి కట్టాను. రెండు రోజులకు వదులయ్యేది, మళ్లీ బిగించేవాణ్ణి. నెల తిరిగేసరికి ఎడమ భుజం కిందికి దిగింది. చూశాను. ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదో నెలలో ఇద్దరినీ మళ్లీ తీసుకుపోయాను. డాక్టరు అమ్మాయి వెన్ను వెంబడి చెయ్యి పోనిచ్చి ఆగాడు.

"ఎవరు కోశారు?"

"నీళ్లు పోసుకోవాల్సొచ్చింది సార్," అంది అమ్మాయి, తానే తప్పు చేసినట్టు.

మళ్లీ ఆపరేషను చేయాలి, మళ్లీ తొమ్మిది నెలలు అన్నాడు. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఇద్దరినీ తీసుకుని ఇంటికొచ్చేశాను.

ఆడపిల్లల ఎముకకు పట్టు తక్కువ, అందుకే నిలవలేదు అని బజారులో అన్నారు. చాలా ఏళ్లు నేనూ ఔనన్నాను. అలా అనుకుంటే నిద్ర పట్టేది.

లెక్క చూస్తే అలా లేదు. అబ్బాయికి సగం వంకర మిగిలింది, అక్కడే ఆగింది. అమ్మాయికి దాదాపు మొత్తం తిరిగొచ్చింది, ఆపరేషనుకు గుర్తుగా తుంటి మీద జానెడు మచ్చే మిగిలింది. డాక్టరు తప్పు లేదు, ఆమె ఎముక తప్పు లేదు. అబ్బాయి కట్టు విప్పమని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అమ్మాయిది విప్పమని మా అమ్మ అడిగింది, విప్పితే వంకర తిరిగొస్తుందని ఆమెకు తెలియదు. నాకు తెలుసు, డాక్టరు రెండుసార్లు చెప్పాడు. ఇప్పటికీ ఆమె ఎడమ భుజం మూడు వేళ్లు కిందికి ఉంటుంది. అది నేను చేసింది.