యెరూషలేము రాజు వంశీకుడు

1998. కువైట్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్న రోజులు. ఆంద్రే అనే ఫ్రెంచి పెద్దాయన మా వార్డులో చేరారు. షువైఖ్ రేవులో క్రేన్ల ఇంజనీరుగా రెండేళ్ళకని వచ్చి ముప్ఫై ఏళ్ళు ఉండిపోయిన మనిషి. పెళ్ళాం పిల్లలు లేరు. చిన్న స్ట్రోక్ వచ్చి తగ్గింది. ఫ్రాన్సులో ఉన్న ఒక్కగానొక్క అక్క మంచం పట్టిందని, ఆమెను చూడటానికి టికెట్ కూడా కొనిపెట్టుకున్నారు.

విమానం ఎక్కాలంటే డాక్టరు "ఫిట్ టు ఫ్లై" అని రాసివ్వాలి. అంటే ప్రయాణం చేయగలరన్న కాగితం. దానికి మేం రాసే ఓరియెంటేషన్ ముఖ్యం. పేరు, తేదీ, అయినవాళ్ళ వివరాలు అడిగి, మనిషి సరైన తెలివిలో ఉన్నారో లేదో రోజూ ఫైల్లో రాస్తాం. ఆ రోజు ఆయన పేరు చెప్పారు, తేదీ చెప్పారు.

"మీ కుటుంబం గురించి చెప్పండి బాబా" అన్నాను.

"మా మూలపురుషుడు ఫుల్క్. యెరూషలేముకు రాజు" అన్నారు చాలా మామూలుగా.

నాకు నవ్వాగలేదు. సండే స్కూల్లో దావీదు మొదలుకొని యెరూషలేము రాజులందరినీ గడగడా ఒప్పజెప్పి బహుమతి కొట్టినదాన్ని. ఫ్రాన్సువాడు అందులో ఎక్కడున్నాడు? "కన్‌ఫ్యూజ్డ్" అని రాసి సంతకం పెట్టేశాను. డాక్టరు అది చూసి కాగితం ఆపేశారు. మళ్ళీ తలకి స్కాన్ తీయాలన్నారు.

మర్నాడు సంగతి తెలిసి ఆయన మొహం చిన్నబోయింది. భోజనం మెనూ కార్డు వెనక ఫుల్క్ మొదలు తన దాకా వంశంలో ఒక్కొక్క పేరే రాసుకుంటూ వచ్చారు.

"ఈ ఫుల్క్ ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో అంజూ అనే సీమకు కౌంట్, అంటే పాలకుడు, సిస్టర్. సీమను కొడుక్కి అప్పగించి, పిల్లల్ని అక్కడే వదిలి ఈ తూర్పు దేశాలకు వచ్చాడు. యెరూషలేము రాణిని పెళ్ళాడి రాజయ్యాడు. గుర్రం మీంచి పడి ఇక్కడే పోయాడు. మళ్ళీ ఇల్లు చూడలేదు. నేను అలా పోకూడదు. మా అక్క ఎదురుచూస్తోంది."

నరసాపురంలో నా కూతురు అప్పటికి మూడేళ్ళుగా నా మాట ఫోన్లోనే వింటోంది.

అబ్బాసియాలో నాతో గది పంచుకునే మేరీ అక్కకి చెబితే తిట్టిపోసింది. "బైబిల్లో లేనోళ్ళు లోకంలోనే లేరనుకున్నావా ఏంటే? ఆయనోళ్ళకి ఫోన్ చేసి ఓ మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

తెల్లవారగానే డాక్టరుకి చెప్పి, ఆయన అక్కకి ఫోన్ కలిపించాను. వంశంలో పేర్లు చెప్పమని ఆయనే ఆవిడని అడిగారు. నాకు ఫ్రెంచి ముక్క రాదు. కార్డు చేత్తో పట్టుకుని విన్నాను. ఆవిడ ఆయాసపడుతూ ఒక్కో పేరూ చెబుతుంటే, నా వేలు కార్డు మీద అదే వరసలో కిందికి దిగింది. చివర్లో వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది: "తమ్ముడు ఎప్పుడొస్తాడు?"

"ఈ వారమేనమ్మా" అన్నాను.

మా పనిలో ఫైల్లో రాసింది చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, మళ్ళీ సంతకం చేయాలి. అలాగే చేశాను. కానీ స్కాన్ అయ్యి, కాగితం వచ్చి, కొత్త టికెట్ దొరికేసరికి నాలుగు రోజులు ఆలస్యమైంది.

వెళ్ళిన పది రోజులకి ఆయన వార్డుకి ఫోన్ చేశారు. ఆరోగ్యం బాగుందన్నారు, మందులు వేసుకుంటున్నానన్నారు. నేనే ఆత్రంగా అడిగాను, "అక్కని చూశారా బాబా?"

"నేను దిగడానికి ముందు రోజే సమాధి చేసేశారు సిస్టర్."

"నా వల్లే బాబా" అని ఏడ్చేశాను. "నీకు చెప్పకూడదనుకున్నాను. అడిగావు కాబట్టి చెప్పాను" అన్నారు.

ఆ తరువాత చాలా ఏళ్ళు నర్సుగానే పనిచేశాను. ఎవరైనా నమ్మలేని మాట చెబితే, కలం తీసే ముందు "ఇది ఇంకెవరికి తెలుసు?" అని అడిగేదాన్ని. కొత్త నర్సులకీ అదే నేర్పాను. ఆ ఒక్క ప్రశ్న నేను మొదటి రోజే అడిగి ఉంటే, ఆ తల్లి తన తమ్ముణ్ణి చూసుకుని పోయేది.