లక్క ముద్ర చెదరలేదు

దయ్యాలున్నాయని నేను నమ్మను. ఇది చదివాక కూడా నన్ను నమ్మేవాళ్ల గుంపులో కలపొద్దు. డిగ్రీ మధ్యలో ఆపేసినవాణ్ణే కానీ, ప్రొద్దుటూరు గ్రంథాలయంలో ఉన్న కంప్యూటర్ పుస్తకాలను అట్టలు ఊడేదాకా చదివినవాణ్ణి. ఏదైనా సొంతంగా సరిచూసుకున్నాకే ఒప్పుకుంటాను.

మా ఊళ్లో ఒక నగల అంగడికి వెబ్‌సైట్ పని నేనే చూసేవాణ్ణి. కువైట్‌లో ఉన్నవాళ్లు అందులో నగ ఎంచుకుంటే, పులివెందులలోనో జమ్మలమడుగులోనో ఉన్న వాళ్ల ఇంటివాళ్లు వచ్చి తీసుకుపోతారు. ఎవడైనా అదే పేరు చూపి జనాన్ని దొంగ సైటుకు మళ్లించకుండా, వెబ్‌సైట్ పేరుకు ఒక రహస్య కీతో సంతకం చేయాలి. కీ అంటే ఒక చిన్న ఫైలు. నల్లటి తెర మీద కమాండ్ టైపు చేస్తే సంతకం పడుతుంది. ఆ సంతకానికి గడువుంటుంది. గడువు దాటితే చాలా నెట్‌వర్కులు ఆ పేరును నకిలీ అనుకుని అంగడిని చూపించవు. కీ లేకుండా ఆ సంతకం పుట్టించడం ఎవరి తరమూ కాదు. ఇది నమ్మకం కాదు, గణితం.

యజమాని పెద్ద శెట్టిగారు ఇదంతా నాతో విడమరచి చెప్పించుకున్నారు. అప్పటి నుంచి కీని బంగారంలాగే చూశారు. పెన్‌డ్రైవ్‌ను ఎర్రగుడ్డలో మూటగట్టి, ముడి మీద లక్క పోసి, తన ఉంగరంతో ముద్ర వేసి ఇనప్పెట్టెలో పెట్టేవారు. సంతకం చేసే రోజు తానే తీసి, ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌కు పెట్టించి, నా పక్కనే కూర్చునేవారు. కీ ఆ పెన్‌డ్రైవ్ దాటేది కాదు; పడిన సంతకాన్ని మాత్రం నేను వెబ్‌సైట్ నడిచే సర్వర్‌లోకి ఎక్కించేవాణ్ణి. రాహుకాలం పోయాకే పని. సంతకం మొదలయ్యే సమయంగా కూడా రాహుకాలం ముగిసిన నిమిషాన్నే వేయించేవారు.

"రాహుకాలంలో పెడితే కంప్యూటరు ఒప్పుకోదా శెట్టిగారూ?" అని నవ్వేవాణ్ణి.

"దానికేం తెలుసు బాషా. పేరు నాది గదా" అనేవారు.

ఆయన హఠాత్తుగా పోయారు. మైల తీరేదాకా ఆ ఇంట్లో ఇనప్పెట్టె ముట్టరు. సంతకం గడువేమో మైలలోనే అయిపోతుంది. ఆయన తమ్ముడు చిన్న శెట్టిని బతిమాలాను.

"పెండ్లిండ్ల కాలం. పేరు ఆగిపోతే కువైటోళ్లు ఇంకో అంగడికి పోతారు" అన్నాను.

"పోతే పోనీ. మా అన్న ఏసిన ముద్ర నేనెట్ల పగలగొట్టేది? మైలలో పెట్టె తెరిస్తే మా వదిన ముందర యాడ నిలబడల్ల?" అన్నాడు.

గడువు రోజు మధ్యాహ్నం సైటు ఆగిపోవడం చూద్దామని కూర్చున్నాను. ఆగలేదు. సర్వర్‌లో కొత్త సంతకం ఉంది. సరిచూసే కమాండ్ మళ్లీ మళ్లీ ఇచ్చాను. పాత కీతోనే పడింది, అసలైనదే. సంతకం మొదలైన సమయం ఆ రోజు రాహుకాలం ముగిసిన నిమిషం. సర్వర్‌లోకి ఎవరూ వచ్చినట్టు నమోదు కాలేదు.

మైల తీరాక అందరి ముందూ పెట్టె తెరిచారు. లక్క చెదరలేదు. ఉంగరం ఆయన పోయిన రోజు నుంచి ఆయన భార్య దగ్గరే ఉంది.

చిన్న శెట్టి కళ్లు తుడుచుకున్నాడు. "మా అన్నే వచ్చి చేసిపోయినాడు."

బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే ఆ ఇంటి అల్లుడు నా వైపు చూశాడు. "దయ్యమూ లేదు, ఏమీ లేదు మామా. ఈ బాషా కీని కాపీ చేసి పెట్టుకున్నాడు. రేపు దొంగ సైటు పెడితే ఎవుర్ని అడుగుతావు?"

చిన్న శెట్టి నన్ను పక్కకు పిలిచాడు. "అన్నే చేసినాడని నువ్వూ ఒక మాట అనప్పా. అల్లుడు నోరు మూస్తాడు. నీ పని నీకుంటాది."

దయ్యాన్ని ఒప్పుకుంటే మంచివాణ్ణి, లేకపోతే దొంగని.

"చూడంది చూసినానని చెప్పను. చేయంది చేసినానని కూడా చెప్పను" అన్నాను. ఇంటికి పోయి నా ల్యాప్‌టాప్, పెన్‌డ్రైవ్‌లు అన్నీ తెచ్చి అల్లుడి ముందు పెట్టాను. వెతికాడు. ఏమీ దొరకలేదు.

"చెరిపేసుంటావు" అన్నాడు.

చెరపలేదని నిరూపించే కమాండ్ నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

వాళ్లందరి ఎదుటే కొత్త కీ తయారుచేయించి, పాతదాన్ని తీసేయించే ఏర్పాటు చేసి, పని వదిలేసి వచ్చాను. ఇప్పుడు చిన్న అంగళ్లకు బిల్లింగ్ చూస్తున్నాను. బజారులో కొందరు నన్ను చూసి గొంతు తగ్గిస్తారు. తగ్గించుకోనీ.

నా దగ్గర కాపీ ఎప్పుడూ లేదు. ఆ సంతకం అసలైనది. ఈ రెండూ ఒకేసారి ఎట్లా నిజమయ్యాయో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.