ఆ రోజు టీ ముందే వచ్చింది

మా కంప్రెసర్ మామ పోయాడు. పోయిన శుక్రవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. వినగానే నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. నిజమే చెబుతున్నాను. ఇకమీద తప్పు చేస్తే ఎవరి దగ్గరికి పరిగెత్తాలి అన్న భయం.

మాది తేంగాయితిట్టు హార్బరు పక్కన రొయ్యలు ఒలిచి, గడ్డకట్టించి పంపే చిన్న కంపెనీ. ఆయన నాకు సొంత మామ కాదు. చలిమిషన్లు నడిపే ఆపరేటరు, ఏడాది క్రితమే రిటైరయ్యాడు. ఇద్దరం పుదుచ్చేరిలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళం కాబట్టి చేరిన మొదటిరోజే మామ అయిపోయాడు. నేనక్కడ కంప్యూటర్లు చూస్తాను. మా అమ్మ కూడా అక్కడే, రొయ్యలు ఒలిచే హాల్లో. కంప్రెసర్ గదికీ ఆ హాలుకీ మధ్య ఉన్నది ఒక్క గోడ, అందులో ఒక అద్దాల కిటికీ.

ఆ గది పైపుల్లో తిరిగేది అమ్మోనియా. కొంచెం బయటికొస్తే కళ్ళు మండుతాయి, ఎక్కువొస్తే ఊపిరి ఆడదు. వాసన తెలుస్తుంది కదా అంటారు కొందరు. రోజంతా రొయ్యల నీచు, బ్లీచింగ్ వాసన మధ్య పనిచేసేవాళ్ళ ముక్కులు ఎప్పుడో మొద్దుబారాయి. అందుకే గోడలకి సెన్సర్లు పెట్టారు, వాటిని కనిపెట్టుకునే ప్రోగ్రాం నా గదిలో ఉంటుంది. అంతా బాగుంటే తెర మీద పచ్చ దీపం. లీకైతే ఎర్ర దీపం, సైరన్.

మామ మాత్రం రోజూ పొద్దున గంధకం పూసిన వత్తి వెలిగించి, ప్రతి వాల్వు దగ్గరా పట్టుకుని తిరిగేవాడు. అమ్మోనియా తగిలితే ఆ పొగ తెల్లగా చిక్కబడుతుంది. మామ హారతి పడుతున్నాడని అందరూ నవ్వేవాళ్ళు. అందరికంటే నేను కొంచెం ఎక్కువే నవ్వాను.

"సెన్సర్ ఉండాది కదా మామా, ఇంకా ఇదేంది?"

"ఉండనీ పాపా. దాని పని అది చేస్తాది, నా పని నేను చేస్తా."

ఏ బేరింగు మార్చినా పాతదాన్ని పారేసేవాడు కాదు. చీటీ కట్టి, ఒక బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. "కొత్తది కుదురుకునేదాకా పాతదాన్ని ఇంట్లోనించి పంపకూడదు" అనేవాడు. ఆయనకి తెలుగు మాటలే గాని తెలుగు అక్షరాలు రావు. చీటీల మీద తెలుగునే అరవ లిపిలో రాసేవాడు.

అలారం ప్రోగ్రాం నడిచే కంప్యూటరు బాగా పాతదైపోయింది. ఆ ప్రోగ్రాం కొత్త కంప్యూటర్ల మీద నడవదు. అందుకని కొత్త సర్వర్లో ఒక వర్చువల్ మెషీన్ తయారుచేశాను. ఒక కంప్యూటరు కడుపులో ఇంకో కంప్యూటరు ఉన్నట్టు నటించే ఏర్పాటది. లోపలిది తాను పాతకాలంలోనే ఉన్నాననుకుంటుంది, పని నడిచిపోతుంది. మామకి అదంతా చెబితే శ్రద్ధగా విని, "సరే, దాన్ని ఒకటి నకలు తీసి నా చేతికియ్యి" అన్నాడు. నవ్వుకుంటూనే డిస్కు మీద కాపీ తీసి ఇచ్చాను. దానికీ చీటీ కట్టి, బేరింగుల పక్కన పెట్టుకున్నాడు.

ఆర్నెల్లు బాగా నడిచింది. బాగా నడుస్తున్నదాన్ని కెలక్కుండా ఉంటే నేను నేనెందుకవుతాను! ఒక సోమవారం వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వేశాను. అదే ఊపులో లోపలి మెషీన్‌కి సాయంగా ఉండే టూల్సు మార్చాను, సెన్సర్ల మాట దానికి చేరవేసే డ్రైవరూ మార్చాను. మూడూ ఒక్కరోజే. మామతో అనలేదు, మేనేజరుతో అనలేదు, ఎక్కడా రాసుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నం తెర వైపు చూస్తే పచ్చ దీపం వెలుగుతోంది. పక్కనున్న గడియారం మాత్రం పదకొండుంబావు దగ్గర ఆగిపోయి ఉంది. లోపలి మెషీన్ ఎప్పుడో బిగుసుకుపోయింది. దీపం మటుకు ఆఖరిసారి ఉన్నట్టే, పచ్చగా.

మూడు గంటలపాటు ఆ గదిని ఎవరూ కనిపెట్టుకుని లేరన్నమాట. గోడకవతల అమ్మ ఉంది. అప్పుడే లేచి వెళ్ళి చెప్పాల్సింది. చెప్పలేదు. రీస్టార్ట్ చేసి, గడియారం కదలగానే, ఇక ఆగదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. బుధవారం రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ రీస్టార్ట్ చేసి నోరు మూసుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం అంతమంది ప్రాణాల కంటే పెద్దదిగా కనిపించింది ఆ రెండు రోజులూ. ఈ మాట రాయడానికి ఇప్పుడూ సిగ్గుగా ఉంది.

గురువారం పొద్దున మామ వత్తి పట్టుకుని నా గది గుమ్మంలోకి వచ్చాడు. ముక్కుకి తడి తువ్వాలు.

"మీ మిషన్ ఏం చెప్తావుండాది పాపా?"

"పచ్చే మామా" అన్నాను. అంటూనే గడియారం చూశాను. కదలడం లేదు.

"రెండో వాల్వు కాడ పొగ తెల్లగా లేచింది. నువ్వు బయటికి పో. అరవద్దు."

ఆయన కూడా అరవలేదు. హాలు తలుపు తీసి, "టీ వచ్చేసింది, లేవండి, బయట చెట్టుకింద ఇస్తాండారు, సీక్రం!" అన్నాడు. టీ వేళకి ఇంకా గంట ఉంది. ఆడవాళ్ళు గొణుక్కుంటూ, చేతులు తుడుచుకుంటూ బయటికి నడిచారు. అందరికంటే గట్టిగా గొణిగింది మా అమ్మే. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లెక్కపెట్టాను. అమ్మ కనిపించాక కూడా లెక్క ఆపలేదు.

మామ లోపలికి పోయి వాల్వు బిగించి, ఫ్యాన్లు వేసి బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, దగ్గుతున్నాడు. అప్పుడు చెప్పాను. సోమవారం నుంచి జరిగిందంతా, ఒక్క ముక్క దాచకుండా. తిడతాడనుకున్నాను.

"ఒకే దినం మూడు బోల్టులు తిప్పితే ఏది వదులో ఎట్ల తెలస్తాది?" అన్నాడు. "కడపట బిగించింది ముందు విప్పు. ఒకటి విప్పినాక చూడు. మళ్ళా ఇంకొకటి."

హాల్లో కూడా వత్తి తిప్పి, గాలి బాగుందని నమ్మకం కుదిరాకే ఆడవాళ్ళని లోపలికి పిలిచాడు. నా పని అయ్యేదాకా పావుగంటకోసారి వత్తి పట్టుకుని తిరిగాడు. పాత డ్రైవరు పెట్టాను, గంటలో గడియారం ఆగింది. పాత టూల్సు పెట్టాను, మళ్ళీ ఆగింది. మిగిలింది అసలు సాఫ్ట్‌వేర్. కొత్తది తీసేసి పాత వెర్షన్ వేశాను. అది మా మెషీన్ని తెరవనే లేదు. కొత్త వెర్షన్ దాని ఫైళ్ళని తనకి తగ్గట్టు మార్చేసుకుందట. ఇప్పుడు ముందుకూ లేదు, వెనక్కీ లేదు. మామ వైపు చూశాను.

"నకలు ఇస్తివే, మరిచినావా?"

బిస్కెట్ల డబ్బా తెచ్చి, గ్రీజు మరకల మధ్యనుంచి డిస్కు తీశాడు. చీటీ మీద అరవ అక్షరాల్లో 'పాతది, పారెయ్యొద్దు' అని ఉంది. దాన్ని ఎక్కించాక గడియారం కదిలింది. సాయంత్రం దాకా ఇద్దరం దానివైపే చూస్తూ కూర్చున్నాం. ఆగలేదు. ఆఖర్న ఆయన గుడ్డ మీద ఒక్క చుక్క అమ్మోనియా వేసి సెన్సర్ దగ్గర పట్టాడు. ఎర్ర దీపం, సైరన్! ఆ ఎర్ర రంగు చూసి ఏడ్చేశాను.

లాగ్‌బుక్ నా ముందు పెట్టాడు. నా తప్పే అని మొదలుపెడితే ఆపేశాడు. "తప్పు అని రాస్తే రేపొచ్చేవాళ్ళకి ఏం తెలస్తాది? ఏం మార్చినావో రాయి, ఎట్ల వెనక్కి తెచ్చినావో రాయి." రాశాను. మేనేజరు చదివి, నన్ను పిలిచి గట్టిగానే తిట్టాడు. ఉద్యోగం పోలేదు. ఇంకా భయంగానే ఉంది మామా అంటే, "ఉండాల. భయం పోయిన దినం ఆ తెర ముందర కూర్చోవద్దు" అన్నాడు.

అమ్మకి మాత్రం చెప్పలేదు, రెండేళ్ళు.

మామ పోయిన ఆ శుక్రవారం సాయంత్రం అమ్మా నేనూ ఆయన ఇంటికి పోయి తిరిగి వస్తున్నాం. ఆటోలో అమ్మ అంది, "పాపం, మంచి మనిషి. ఒకతూరి టీ ముందే అని మమ్మల్ని చెట్టుకింద ఊరికే నిలబెట్టినాడు, ఏలనో తెలీదు. నేను బాగా తిట్టుకుంటిని."

చెప్పేశాను. మా వీధిలో దిగాక అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆ పొద్దు నువ్వు యాడ ఉన్నావే? లోపలేనా?"

"లోపలే."

ఇంటి తలుపు తీసేదాకా చెయ్యి వదల్లేదు.

మామ రిటైరయినప్పటి నుంచి పొద్దున వత్తి తిప్పేది నేనే. శనివారం కూడా రెండో వాల్వు దగ్గర ఆగి, అద్దాల కిటికీ వైపు చూశాను. హాల్లో అమ్మ రొయ్యలు ఒలవడం ఆపి, తలెత్తి నిలబడి ఉంది. చూస్తున్నది నన్ను కాదు, పొగని. అది పలచగా, నీలంగా పైకి పోయేదాకా చూసి, మళ్ళీ తల వంచుకుంది.