తలకట్టు లేచిన పెండ్లికార్డు

జాహేదాకు కోపం వస్తే నోరు మూసుకుంటుంది. నాకు కోపం వస్తే బజారంతా వింటుంది. చిన్నప్పటి నుంచి మా స్నేహం చెడకపోవడానికి కారణం అదే అనుకుంటాను. ఇద్దరం ఒకే రకం అయి ఉంటే కోస్గిలో మాకు జాగా సరిపోయేది కాదు.

ఆమె తండ్రి గులాం నబీకి బజారులో చిన్న ప్రెస్సు ఉండేది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చి, కాలితో తొక్కే మిషను మీద పెండ్లికార్డులు, జాతర కరపత్రాలు అచ్చు వేసేవాడు. మా మగ్గాల ఇళ్లలో ఏ పెళ్లి కుదిరినా ముందు ఆయన దగ్గరికే పోయేవాళ్లం. మంచి పనివాడే గానీ తప్పు ఒప్పుకునే అలవాటు మాత్రం లేదు. ఒకసారి మారెమ్మను మారమ్మ చేసి పెట్టి, అడిగితే, "పిలిస్తే పలుకుతదా లేదా? ఇగ ఫికర్ ఎందుకు?" అన్నాడు. ఆయన్ని నేను చాచా అని పిలిచేదాన్ని. ఆయన మీద అరిచేదాన్ని కూడా.

జాహేదా పదో తరగతి అయ్యాక తండ్రి పక్కన నిలబడి అక్షరాలు ఏరడం నేర్చుకుంది. పెళ్లయినా మానలేదు. భర్త లారీ మీద పోయేవాడు, ఆమె ప్రెస్సుకు వచ్చేది. ఆ నల్లటి సిరా అంటిన వేళ్లు చూసుకుని మురిసిపోయేది. అదేం సంబరమో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

తొంభై నాలుగు వచ్చేసరికి ప్రెస్సు పని మూలకు పడింది. అక్షరాలు అరిగిపోయాయి, దీర్ఘాలు విరిగాయి, చాచా కళ్లకు పొర కమ్మింది. జనం మహబూబ్‌నగర్ పోయి రంగురంగుల కార్డులు వేయించుకుని వస్తున్నారు. అప్పుడు జాహేదా మొండిపట్టు పట్టి ఒక పాత కంప్యూటరు తెప్పించింది. గుల్బర్గాలో ఏదో ఆఫీసు వాళ్లు తీసేసినది అది. అక్కడ గుమాస్తాగా ఉన్న మేనత్త కొడుకు ఖుద్దూస్ బస్సు మీద వేసి పంపాడు. మీటల మీద అతికించిన అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. ప్రింటరు అచ్చు వేస్తుంటే పిండిగిర్ని చప్పుడు వచ్చేది. అలా వచ్చిన కాగితంలోని అచ్చును చట్రానికి బిగించిన పట్టుగుడ్డ మీదికి ఎక్కించి, దాని మీంచి కార్డుల మీద రంగు రుద్దవచ్చని ఆమె ఆలోచన.

చాచా ఆ పెట్టె వైపు కన్నెత్తి కూడా చూడలేదు. అలిగిన పెండ్లికొడుకు లాగా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అదే వారం పాత సీసం కొనే మైసయ్య వచ్చి అక్షరాలన్నీ తూకానికి అడిగిపోయాడు. ఆ రోజు చాచా నా ముందే కూతురితో తేల్చి చెప్పాడు.

"వెంకటనర్సు కొడుకు పెండ్లికార్డు నీ డబ్బ మీద కొట్టు. మంచిగ వచ్చిందా, దుకాణం ఉంటది. రాలేదా, వచ్చే అంగడి దినం మైసయ్యకు అక్షరాలు తూకమేసి తాళం పెడ్త. నువ్వు ఇంట్ల కూసో."

వెంకటనర్సు అంటే మా నాయిన. పెండ్లికొడుకు నా తమ్ముడు సిద్దయ్య. ఆ విధంగా మా ఇంటి పెళ్లి మీద జాహేదా బతుకు వచ్చి పడింది.

ఇంట్లో కూర్చోవడం అనే మాట ఆమెకు ఎంత బరువో నాకు తెలుసు. ఆమె స్టూలు లాక్కుని పెట్టె ముందు కూర్చుంది. ఏ మీట నొక్కితే ఏ అక్షరం వస్తుందో ఒక్కొక్కటే పట్టుకుంది. గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి ఉన్నాయని కనిపెట్టిన రోజు నన్ను మగ్గం మీద నుంచి లేపి తీసుకుపోయి చూపించింది. తెర మీద అక్షరాలు కొంచెం వింతగా ఉన్నాయి. తలకట్టు ఉండవలసిన చోట అడ్డగీతలు ఉన్నాయి. క, త మరీ గుర్తుపట్టరాకుండా ఉన్నాయి.

"ఇవేంది జాహేదా, గిట్లున్నయి?" అన్నాను.

"కంప్యూటర్ అక్షరాలు గట్లనే ఉంటయేమో. సినిమా బోర్డుల మీద ఎన్ని తీర్ల రాస్తరు, మనం సదువుతలేమా?"

నిజమే కదా అనిపించింది. పైగా అంత కష్టపడిన మనిషిని ఏమని ఆపుతాం? సగానికి సగం చదవడానికి వస్తూనే ఉంది. కార్డు మొత్తం కొట్టి, అచ్చు తీసి, మా నాయినను పిలిపించింది.

మా నాయిన కాగితం పట్టుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. సిద్దయ్య పేరు దాకా బండి సాఫీగానే నడిచింది. తన పేరు దగ్గర ఆగిపోయింది.

"వెం... వెం... ఏమే బిడ్డా, నా పేరు నడుమ గీ తేలు ఏంది?"

"అది క, కాకా," అంది జాహేదా.

నాయిన కాగితాన్ని దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. ఏటా గుల్బర్గాకు చీరలు మోసుకుపోయి అమ్మే మనిషి ఆయన. ఒక్కసారిగా తొడ చరిచాడు.

"ఇది కన్నడం! గుల్బర్గా బస్సు మీద ఇట్లనే ఉంటది. నా కొడుకు పెండ్లికి పిలుస్తున్నవా, బస్సు ఎక్కిస్తున్నవా?"

బజారంతా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది గానీ జాహేదా ముఖం చూసి మింగేశాను. గోడవైపు కూర్చున్న చాచా మాత్రం నవ్వలేదు. "అంగడి ఎల్లుండే," అన్నాడు, అంతే. ఆ మాట అన్నందుకు ఆయన్ని నమిలి మింగాలనిపించింది.

నేను జాహేదా చెయ్యి పట్టుకుని ఎస్టీడీ బూత్‌కు తీసుకుపోయాను. గుల్బర్గాలో ఖుద్దూస్ దొరికేసరికి పొద్దు వాలింది. ఆమె ఉర్దూలో నెమ్మదిగా అడుగుతుంటే ఓపిక పట్టలేక ఫోను నేనే లాక్కున్నాను.

"ఏమయ్యా, మా చెల్లెకు కన్నడం మిషిన్ అంటగడితివి?"

"అరే అమ్మా, దాంట్ల అన్ని భాషలు ఉన్నయి," అన్నాడు పాపం, తెలుగులోకి దిగి. "మాకు కన్నడం తప్ప పని పడలె, గందుకే దాని మీదనే పెట్టి ఉంచినం. రెండు మీటలు కలిపి నొక్కితే మారుతదట. ఏయే మీటలో చెప్త, రాసుకోండ్రి. కని ఇప్పటిదాంక కొట్టింది ఉంటదో పోతదో నాకు ఎరుక లేదు. మేం ఎన్నడు నొక్కలె."

నేను అప్పజెప్పిన ఆ చివరి మాటే జాహేదా చెవిలో నిలిచిపోయింది. మర్నాడు పొద్దున కరెంటు ఉన్న వేళ చూసి ప్రెస్సుకు పోయాం. కార్డు తెర మీద ఉంది. ఆమె వేళ్లు మీటల మీద పెట్టి అలాగే ఉండిపోయింది.

"పోతే మళ్ల కొట్టనీకి దినం లేదు సుభద్రా," అంది.

"కన్నడంల ఉండి ఏం చేస్కుంటవే? నొక్కు!"

నొక్కింది.

ఒక్క అక్షరం కూడా పోలేదు. ఉన్నచోటనే ఉండి, కార్డు అంతా తెలుగైపోయింది. పడుకున్న అడ్డగీతలు లేచి తలకట్లు అయ్యాయి. మా నాయిన పేరు నడుమ తేలు పోయి చక్కని క వచ్చి కూర్చుంది. ఆమె ఇన్నాళ్లు కొట్టింది తెలుగే, వేసుకున్న బట్టలే వేరు. నేను కేక పెట్టాను. బజారుకు వినబడే ఉంటుంది, వినబడనీ. జాహేదా మాత్రం ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ కేకకే కాబోలు, చాచా గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. లేచి వచ్చి తెరకు ముక్కు ఆనించి, పై నుంచి కింది దాకా చదివాడు. తప్పు దొరుకుతుందేమోనని రెండోసారి కూడా చదివాడు. దొరకలేదు.

"మీటల మీద కన్నడమే ఉన్నది కద?" అన్నాడు చివరికి.

"అవు అబ్బాజాన్. చెరిగిపోయింది కూడ. నాకు అలవాటైంది."

"నాకు కాలె," అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన ఏం చేశాడో చూడండి. సీసపు అరల్లోంచి చిన్న అక్షరాలు, అరగనివి, ఒక్కొక్కటి చొప్పున ఏరాడు. ఆఖరిసారి కాలుమిషను తొక్కి వాటిని ఒక కాగితం మీద అచ్చు వేశాడు. కత్తెరతో ముక్కలు చేసి, కూతురు మీట నొక్కి చూపిస్తుంటే, ఏ మీటది ఆ మీట మీద టేపుతో అంటించాడు. కళ్లు కనబడవని ఊరంతా చెప్పుకున్న మనిషి ఒక్కటి కూడా వంకర పెట్టలేదు. ఆ అక్షరాలను డబ్బీలో దాచుకుని, మర్నాడు అంగడిలో మిగిలినవి మైసయ్యకు తూకం వేసి ఇచ్చేశాడు. తాళం సంగతి మాత్రం ఎత్తలేదు. మేం కూడా ఎత్తలేదు.

అచ్చును పట్టుగుడ్డకు ఎక్కించే ముందు ఒక పని మిగిలింది. కార్డు అడుగున ప్రెస్సు పేరు వేయాలి. ప్రెస్సు పెట్టిన నాటి నుంచి అక్కడ ఒకటే మాట, గులాం నబీ ప్రెస్, కోస్గి. జాహేదా కొట్టబోతుంటే చాచా ఆమెను స్టూలు మీద నుంచి లేపి తాను కూర్చున్నాడు.

"జ ఏడున్నది?" అన్నాడు.

"గ కావాలె కద అబ్బా, గులాంకు?"

"జ అడిగిన. చూపియ్యి."

చూపించింది. ఆయన తన అచ్చు అక్షరాన్నే వెతుక్కుని, ఒక్క వేలితో, మేకు కొట్టినట్టు ఒక్కో మీట కొట్టాడు. దీర్ఘం ఎడమ చేతి వైపు ఉందని చెప్పాల్సి వచ్చింది. విసుక్కున్నాడు. మళ్లీ కొట్టాడు.

కార్డులు మా ఇంటికి వచ్చిన రోజు మా నాయిన ముందు తన పేరు చూసుకున్నాడు, తేలు లేదని తృప్తి పడ్డాడు. తరవాత అడుగు వరసకు వచ్చి ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, నెమ్మదిగా కూడబలుక్కుని పైకి చదివాడు.

"జాహేదా ప్రెస్, కోస్గి."