నేతి అన్నం తిన్న పందెం పావురం

1950లలో నేను కడపకు కొత్తగా కాపురానికి వచ్చిన రోజులవి. మా ఆయనకు పందెం పావురాలంటే ప్రాణం. పందేల రోజుల్లో ఒళ్లు తేలిగ్గా ఉండి ఎక్కువసేపు ఎగరాలని వాటికి కొలిచిన సజ్జలు, కాచి చల్లార్చిన నీళ్లు మాత్రమే పెట్టేవారు. వాటిలో మచ్చల పావురం చిక్కిపోయిందని జాలిపడి, ఆయనకు తెలియకుండా రెండు రోజులు నేతి అన్నం పెట్టాను. పందేనికి ముందురోజు దాని గొంతు కింద మేతసంచి గట్టిపడి, అది రెక్కలు వాల్చేసింది. భయంతో ఏడుస్తూ చెప్పేశాను.

"ఏడ్సాకు. ప్రేమతోనే పెట్టినావు గదా. ఈడ పట్టుకో" అంటూ ఆయన గోరువెచ్చని నీళ్లు చుక్కచుక్కగా పోస్తుంటే, నేను దాని గొంతు కింద మెల్లగా నిమిరాను. సాయంత్రానికి తేరుకుంది. పందేనికి మాత్రం పంపలేదు.

మర్నాడు స్నేహితులు వాకిట్లో నిలదీశారు. "ఏమప్పా, గెలిచే పావురాన్ని ఎందుకు ఇడ్సలేదు?"

"నేనే మేత ఎక్కువ పెట్టినా. తప్పు నాదే" అన్నారాయన.

తలుపు చాటు నుంచి విన్నాను. ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది ఆ రోజే.