మెట్ల రాళ్ళ అడుగు ముఖం

అమెరికాలో నన్ను అందరూ మేస్త్రీ అనేవారు. గోడ కట్టేవాడు మేస్త్రీ. నేను శిల్పిని. షికాగో పక్కన గుడి కట్టిస్తున్న అంతమంది చదువుకున్న తెలుగువాళ్ళలో ఒక్కరికీ ఈ తేడా పట్టలేదు. పట్టినవాడు ఒక ఐర్లండ్ ముసలాయన. తనను ఎవరైనా మేసన్ అంటే ఆయన ఉలి కింద పెట్టేసేవాడు. "మేసన్ అంటే పేర్చేవాడు. నేను స్టోన్‌కట్టర్‌ని" అనేవాడు. అన్నవాడు మాట దిద్దుకునేదాకా మళ్ళీ ఉలి పట్టేవాడు కాదు. పొగరనేవాళ్ళు గుడి కమిటీవాళ్ళు. ఆ పొగరు చూసి నా కడుపు నిండేది.

రెండువేల మూడు ప్రాంతపు మాట ఇది. గుడి నల్లరాతి స్తంభాలు మా ఆళ్ళగడ్డలో చెక్కినవి. అవి ఓడలో వెళ్ళాయి, వాటిని నిలబెట్టడానికి వెనకాలే మేం విమానంలో వెళ్ళాం. రాళ్ళకి ఇన్సూరెన్స్ చేయించారు, మాకు చేయించలేదు. అరోరా ఊరు దాటాక, మొక్కజొన్న చేల మధ్య చక్రాల మీది ఒక ట్రెయిలర్ ఇంట్లో మమ్మల్ని పెట్టారు. నాతో వచ్చినవాళ్ళలో నా భార్య తమ్ముడు ఒకడు. మీసం రాని వయసులో వాడి చేతికి ఉలి ఇచ్చింది నేనే. ఏ కోణంలో పట్టాలి, దెబ్బ ఎక్కడ ఆపాలి, ఉలి మొండిబారిందని మోతనుబట్టి ఎలా తెలుసుకోవాలి, అన్నీ నేను నేర్పినవే. అమెరికా వచ్చేనాటికి వాడికీ తల నెరిసింది.

నా సంగతి కూడా చెప్పాలి. బడి నాకు అచ్చి రాలేదు. మా వైపు ప్రారంభోత్సవాల శిలాఫలకాలు చెక్కుతూ అక్షరాలు నేర్చుకున్నాను. మొదట్లో అవి నాకు గీతలు, వంపులు మాత్రమే. చెక్కగా చెక్కగా ఒకనాటికి చదవడం వచ్చింది. చదివి చూస్తే అన్నీ ఎమ్మెల్యేల పేర్లు, ఎంపీల పేర్లు, వాళ్ళ బావమరుదుల పేర్లు. రాయి ఎత్తినవాడి పేరు ఒక్క ఫలకం మీదా లేదు. ఇంగ్లీషు కూడా అలాగే, పనిముట్ల పెట్టెల మీద రాసింది కూడబలుక్కుని నేర్చుకున్నాను. ముసలాయనతో మాట్లాడటానికి అది సరిపోయింది. ఆయనదీ ఏమంత సాఫీ ఇంగ్లీషు కాదు, కమిటీవాళ్ళకే సగం అర్థమయ్యేది కాదు.

ఆయన ఎందుకు వచ్చాడంటే, ఓడలో మా మెట్ల రాళ్ళు పగిలిపోయాయి. మళ్ళీ ఇండియా నుంచి తెప్పించే వ్యవధి లేదు. కుంభాభిషేకానికి ముహూర్తం పెట్టేశారు. మెట్లవరకూ అక్కడి సున్నపురాయితో చేయించుకుందామని కమిటీ అనుకుంది. దాన్ని చేత్తో చెక్కేవాడు ఆ చుట్టుపక్కల ఈయనొక్కడే మిగిలాడు. తండ్రి, తాత ఐర్లండ్‌లో ఇదే పని చేశారట. ఈయన కుర్రతనంలోనే షికాగో వచ్చి చర్చిలకి చెక్కాడు, తర్వాత సమాధులకి చెక్కాడు. మిషన్లు వచ్చి ఆ సమాధుల పనీ పోయింది. అయినా పనికి వచ్చేటప్పుడు టై కట్టుకునే వచ్చేవాడు. దాని మీద తోలు ఏప్రన్. దుమ్ము పడుతుంది కదా అంటే, "నేను కూలికి రాలేదు" అన్నాడు.

మొదటి రోజు ఆయన నాకు చేయి కలపలేదు. తిన్నగా మా స్తంభాల దగ్గరికి పోయి, బొటనవేలితో ఉలి గీతల మీద మెల్లగా రాసి చూశాడు. రెండు స్తంభాలు చూసి, "ఈ రెండూ ఒకడే చేశాడు" అన్నాడు.

"కాదు. అది నేను, ఇది నా బావమరిది. నేర్పింది నేనే" అన్నాను.

"అబద్ధం. ఇద్దరు మనుషులకి ఒకే చేయి ఉండదు."

నా బావమరిది పళ్ళికిలించాడు. "చూసినావా బావా, నేనూ నీయంతోణ్ణి అయినా." నాకూ గర్వంగానే అనిపించింది. ముసలాయన మాత్రం నమ్మలేదు. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు.

మధ్యాహ్నం ఇద్దరం రాళ్ళ మీద కూచుని తినేవాళ్ళం. నా పెరుగన్నం చూసి ఆయన ముఖం చిట్లించేవాడు, ఆయన చల్లటి మాంసం రొట్టె చూసి నేను. గ్రానైట్‌ను ఆయన రాయిగా లెక్కపెట్టేవాడు కాదు. "నువ్వు చెక్కేది ఇనుము. అది మాట వినదు, లొంగుతుంది అంతే" అనేవాడు. నీ సున్నపురాయి బెల్లంముక్క, మా ఊళ్ళో పిల్లలు గోటితో గీస్తారు అనేవాణ్ణి నేను. ఇలా తిట్టుకుంటూ ఉండగా ఒక రోజు ఒక మాట కలిసింది. రాయి భూమిలో ఎలా పడుకుని ఉందో కట్టడంలోనూ అలాగే పడుకోబెట్టాలని, లేకపోతే మంచుకి పొరలు లేచిపోతాయని, అందుకే గనిలోనే ప్రతి రాతికీ పైవైపు ఏదో సుద్దతో గుర్తు పెడతానని చెప్పాడు. మేమూ గుర్తు పెడతాం, భూమి వైపు తిరిగి ఉన్న ముఖమే విగ్రహానికి ముఖమవుతుంది, మాకు నేర్పినవాళ్ళు అలా నేర్పారు అన్నాను. ఆయన నమలడం ఆపి నా వంక చూశాడు. తన ఫ్లాస్కులో టీ నాకు మొదటిసారి ఆ రోజే పోశాడు. కటిక చేదు. తాగాను. నలభై ఏళ్ళ పనిలో నన్ను తనతో సమానంగా చూసిన పరాయివాడు ఆయనొక్కడే.

ఒక్కో మెట్టు రాయి ముగించాక ఆయన దాన్ని బోర్లించి, అడుగు ముఖం మీద సన్న ఉలితో ఒక గుర్తు వేసేవాడు. నిలువు గీత, దానికి అడ్డంగా ఒక గీత, కింద చిన్న కొక్కెం. తాత గుర్తట. తండ్రి దానికి కొక్కెం కలిపాడట, ఈయన దాన్ని కాస్త వంచాడట. "ఇది కనిపించదు కదా, ఎందుకు?" అన్నాను, సంగతి తెలిసీ. "కనిపించడానికి కాదు. ఆ రాయిలో తప్పుంటే ఎవణ్ణి తిట్టాలో రాయికి తెలియాలి" అన్నాడు.

మొదటి రాయిని క్రేన్‌తో లేపినప్పుడు గొలుసు జారి అది ఒరిగింది. అడుగు ముఖం అందరికీ కనిపించింది. వాలంటీరుగా వచ్చిన ఒకాయన కొత్త డిజిటల్ కెమెరాతో ఫోటో తీసి కమిటీ వాళ్ళందరికీ ఈమెయిల్ పెట్టాడు. సాయంత్రానికల్లా మీటింగు.

కమిటీకి పెద్ద, ఒక గుండె డాక్టరు. మంచివాడనే పేరుంది. "మేస్త్రీ గారూ, ఒక చిన్న ఇష్యూ వచ్చింది" అన్నాడు. "స్టెప్స్ అడుగున క్రాస్ ఉందట కదా?"

"క్రాస్ కాదు సార్. అది వాళ్ళ ఇంటి గుర్తు. రాయి చెక్కినవాడు వేసుకునేది. మన పాత గుళ్ళు విప్పితే కూడా రాళ్ళకి ఉంటాయి, చేప, శంఖం, గొడ్డలి. నేను కళ్ళారా చూసినాను."

"అవి మనవి కదా! రేపు డోనర్స్‌కి తెలిస్తే ఏం ఎక్స్‌ప్లెయిన్ చేస్తాం? స్వామి దర్శనానికి వెళ్తూ క్రాస్ మీద కాలేసి వెళ్తున్నామంటే ఇటు మనవాళ్ళకీ కోపం, అటు వాళ్ళకీ కోపం. సెన్సిటివ్ మ్యాటర్."

"అది నేల వైపు ఉంటుంది సార్, ఎవరికీ కనపడదు."

"దేవుడికి కనపడదా?" అన్నాడు డాక్టరు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. దేవుడికి కనపడేదాని గురించి అంత దిగులుపడే మనిషి, దాతల పేర్ల ఫలకానికి మాత్రం గర్భగుడికి ఎదురుగా చోటు చూసిపెట్టాడు. దాన్ని మిషన్‌తో కోయించి, పేర్లలో బంగారు రంగు నింపించాడు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. నా వీసా వాళ్ళ కాగితం మీద నడుస్తోంది, మింగేశాను.

ముసలాయన్ని పిలిచి అడిగారు. ఆయన నిలబడే విన్నాడు. "రాళ్ళు కావాలంటే వెనక్కి పట్టుకుపోతాను. గుర్తు తీయను" అన్నాడు. అంతే, తన ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయాడు. రాళ్ళు పోతే ముహూర్తం పోతుంది. అందుకని నా వైపు తిరిగారు.

"మీరు మనవాళ్ళు. రెండు నిమిషాల పని. సండే ఆయన చర్చికి పోతాడు, అప్పుడు కానిచ్చేయండి."

"నేను చేయను సార్. ఒకడు ముగించిన రాతి మీద ఇంకొకడు ఉలి పెట్టకూడదు."

"ఇందులో ఈగో ఎందుకండీ? వీసా ఎక్స్‌టెన్షన్ పేపర్స్ కూడా ఈ నెలే ఫైల్ చేయాలి మీ అందరికీ." మెత్తగా, నవ్వుతూనే అన్నాడు. గుండె కోసేవాడి చేయి మెత్తగానే ఉంటుంది కాబోలు.

చేయననే చెప్పాను. మా ట్రెయిలర్‌కి వచ్చాక బావమరిది నా మీద మండిపడ్డాడు.

"ఏంది బావా నువ్వు? వాని గీత కోసం మనం ఇంటికి పోవల్నా? వాడు నీకేమైతాడు?"

"నీ రాతి మీద నీ పనిని వేరేవోడు చెరిపితే ఊరకుంటావారా?"

"నా రాతి మీద నా పేరు యాడుండాది చెరపనీకె?" అన్నాడు. నేను లైటు ఆర్పి పడుకున్నాను.

ఆ ఆదివారం డాక్టరు స్వయంగా కారు తీసుకొచ్చాడు. షామ్‌బర్గ్‌లో ఎవరో పెద్ద దాత ఇంట్లో భోజనమట, శిల్పకళ గురించి నేను నాలుగు ముక్కలు చెప్పాలట. ఆ రోజు నన్ను మేస్త్రీ అనలేదు. "శిల్పి గారు, శిల్పి గారు" అని అందరికీ పరిచయం చేశాడు. వాళ్ళ హాల్లో నిప్పుగూడు చుట్టూ రాతి గోడ ఉంది. వేలితో తట్టి చూస్తే బోలు మోత. సిమెంటు పలకలు పోతపోసి, రాతి రంగు వేసి అంటించారు. దాని ముందు నన్ను నిలబెట్టి ఫోటోలు తీశారు. పప్పు, గోంగూర, పులిహోర అన్నీ వడ్డించారు. ఆ ఇంటి పిల్లలు అమెరికా యాసలో "అంకుల్, స్టోన్ హార్డ్ గా ఉంటుందా?" అని అడిగితే నవ్వుతూ జవాబులు చెప్పాను. నన్ను అక్కడికి ఎందుకు తెచ్చారో తిరుగు ప్రయాణంలోగానీ నాకు తట్టలేదు.

సోమవారం పొద్దున ముసలాయన నాకన్నా ముందే వచ్చాడు. నేను వెళ్ళేసరికి ముగించిన రాళ్ళన్నీ బోర్లించి ఉన్నాయి. గుర్తులున్న చోట వరసగా, పొందికగా, చక్కటి ఉలి గీతలు. ఎవడో మొరటుగా గ్రైండరుతో గీరి ఉంటే బాగుండేది. ఇది శ్రద్ధగా చేసిన పని. అన్ని గీతలూ ఒకే లోతు, అన్నీ ఎడమకి ఒరిగినవి. నేను నేర్పిన పద్ధతే.

ఆయన మోకాళ్ళ మీద కూచుని బొటనవేలితో వాటి మీద రాశాడు. లేచి మా స్తంభం దగ్గరికి, నా స్తంభం దగ్గరికి నడిచి, దాని మీదా రాశాడు. తర్వాత నా ముందు నిలబడ్డాడు.

"నీ చేయి" అన్నాడు.

"కాదు. నేను చేయలేదు."

"అయితే ఎవరు?"

నా బావమరిది నాకు రెండు గజాల దూరంలో ఉన్నాడు. ఉలి నూరుకుంటున్నాడు. ఇంగ్లీషు రానట్టు తల దించుకుని నూరుతూనే ఉన్నాడు. ఆ ప్రశ్న అర్థమయ్యేంత ఇంగ్లీషు వాడికి వచ్చు. నేను వాడి వైపు చూశాను. వాడు నోరు విప్పుతాడని చూశాను. వాడి పేరు నేనే చెప్పి ఉంటే ముసలాయన నమ్మేవాడా? ఇద్దరికి ఒకే చేయి ఉండదన్న మనిషి. పైగా నా ఇంటివాణ్ణి పరాయివాడి ముందు పట్టివ్వడం నా వల్ల కాలేదు. "నేను కాదు" అని మళ్ళీ అన్నాను. ఆయన నా ముఖం చూడలేదు, నా చేతులు చూశాడు. తల ఒకసారి ఊపి, వెళ్ళి ఏప్రన్ కట్టుకున్నాడు.

పని మానేస్తాడనుకున్నాను. మానలేదు. మాట ఇచ్చాను కాబట్టి పూర్తి చేస్తానని డాక్టరుతో చెప్పాడట. మిగిలిన మెట్లు మునుపటికన్నా నున్నగా, అంచు చెదరకుండా చెక్కాడు. ముగించాక బోర్లించలేదు. ఒక్కదానికీ గుర్తు వేయలేదు. ఆ రాళ్ళు తనవి కావని చెప్పడానికి ఆయనకి ఇంతకన్నా పెద్ద తిట్టు లేదు. అది తిట్టని అక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "చూశారా, ఎంత అండర్‌స్టాండింగ్ ఉన్న మనిషో! చెప్పగానే మానేశాడు" అని డాక్టరు మురిసిపోయాడు.

మధ్యాహ్నాలు ఆయన ట్రక్కులో కూచుని తినేవాడు, అద్దాలు ఎక్కించుకుని. నేను ఒకసారి వెళ్ళి అద్దం మీద తట్టాను. దించలేదు. ఆఖరి మెట్టు కూర్చోబెట్టిన రోజు ఉలులన్నీ తుడిచి, గుడ్డలో చుట్టుకుని, టై సర్దుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా బావమరిదికి చేయి కలిపాడు. నాకు కలపలేదు.

కుంభాభిషేకం ఘనంగా జరిగిందట. నేను ఉండలేదు. నా వీసా కాగితాల్లో ఏదో లోపం వచ్చింది. నా ఒక్కడి కాగితాల్లోనే.

బావమరిది అక్కడే ఉండిపోయాడు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇంకో గుడి, ఆ తర్వాత ఇంకెక్కడో ఇంకో గుడి. ఇప్పుడు వాణ్ణి అందరూ స్థపతి గారంటారు. అప్పుడప్పుడూ ఫోన్ చేసి కొలతలు అడుగుతాడు, చెప్తాను. రాయి చెడకూడదు కాబట్టి చెప్తాను. పోయినసారి ఫోన్లో, వీల్‌చైర్లకి వాలుదారి వేయడానికి ఆ మెట్లు పీకేశారని, రాళ్ళు పార్కింగ్ పక్కన పడి ఉన్నాయని చెప్పాడు.

"కొన్నిటికి అడుగున నా ఉలి గీతలుండాయి బావా. కొన్నిటికి ఉత్తదే. ఆ ముసలోడు వాటికి గుర్తు ఏసుకోలేదేమి?"

ఇన్నేళ్ళూ వాడికి ఆ సంగతి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. నేను నేర్పినవాడే.

"ఏమోరా" అని ఫోన్ పెట్టేశాను.