రాజమండ్రి నుంచి కడపకు గంట

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర కర్ణాకర్‌ది జిరాక్సు షాపు. దరఖాస్తులు నింపుతాడు, బస్సు టికెట్లు తీసిస్తాడు. ఎవరేం అడిగినా ‘తెల్వదు’ అనడం మాత్రం అతని నోట ఎవరూ వినలేదు.

పోయిన జూన్‌లో ఒక మధ్యాహ్నం కొండపాక నుంచి దేవదాసు గాబరాగా వచ్చాడు. అతని బిడ్డ ప్రశాంతి కాపురం కడపలో. నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. మర్నాడు పది గంటలకు ఆపరేషన్ అన్నారు డాక్టర్లు. అల్లుడు లారీ మీద దూరం పోయాడు. దేవదాసు భార్య కృప రాజమండ్రి దగ్గర ఒక నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టే పనిలో ఉంది.

“సాయంత్రం రైలుందట అన్నా. తెల్లారేసరికి కడపల దించుతదట. ఎక్కమందునా?”

కర్ణాకర్ ఫోన్‌లో వెతికాడు. రాజమండ్రి, కడప ఎయిర్‌పోర్టుల నడుమ దూరం నాలుగు వందల ముప్ఫై కిలోమీటర్లు, ప్రయాణం గంట అని వచ్చింది.

“రాత్రంతా రైల్ల కూసునుడెందుకు? విమానంల గంట. పొద్దుగాల్ల పొమ్మను, టికెట్ గాడనే ఇస్తరు.”

అతను జన్మలో విమానాశ్రయం గడప తొక్కలేదు. దేవదాసు మాత్రం నమ్మాడు. రైలు వదిలెయ్యమని భార్యకు చెప్పాడు. అమ్మ పొద్దున విమానంలో గంటలో వచ్చేస్తుందని బిడ్డకూ చెప్పాడు.

పొద్దున ఎనిమిదింటికి దేవదాసు ఫోన్ చేశాడు. “అన్నా, గాడికెళ్లి కడపకు విమానమే లేదంటున్నరట!”

కర్ణాకర్ నిన్న చూసిన పేజీ మళ్లీ తెరిచాడు. దూరం ఉంది, సమయం ఉంది. విమానం నడుస్తుందని అందులో ఎక్కడా లేదు.

“ఇయ్యాల క్యాన్సల్ అయినట్టుంది,” అన్నాడు.

కృప బస్సులు మారి కడప చేరేసరికి రాత్రయింది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమే.

పది రోజులకు దేవదాసు మిఠాయి డబ్బాతో షాపుకొచ్చాడు.

“నువ్వు మంచికే చెప్పినవన్నా. విమానం ఆగిపోతే నువ్వేం జేస్తవు? ప్రశాంతే పాపం, ఆపరేషన్‌కు లోపలికి తీస్కపోయేదాంక తలుపు దిక్కే చూసిందట.”

చేతిలోకి తీసుకున్న లడ్డూ కర్ణాకర్ నోటిదాకా పోలేదు. తల దించుకున్నాడు.

“ఆగిపోలే దేవదాసూ. అసలు విమానమే లేదు. నాకు తెల్వక చెప్పిన. తర్వాత అబద్ధమాడిన.”

దేవదాసు ఫోన్ తీసి బిడ్డకు కలిపి, అతని చేతిలో పెట్టాడు. “గిదే మాట దానికి చెప్పు.”

కర్ణాకర్ చెప్పాడు. అవతల ప్రశాంతి అంతా విన్నది.

“ఆపరేషన్ రూముల ఒక్కదాన్నే భయపడ్డ పెద్దబాపూ,” అన్నది. “సరే, పాప ఏడుస్తున్నది, పాలియ్యాలె.”

ఫోన్ పెట్టేసింది. దేవదాసు ఫోన్ తీసుకుని మెట్లు దిగాడు. పోయొస్తనని చెప్పలేదు. కౌంటర్ దగ్గర ఎవరో కాగితం చాపి ఎన్ని కాపీలో చెబుతున్నారు. కర్ణాకర్ తల ఎత్తలేకపోయాడు.